మోత ఏ బండిది?

పాత పౌరాణిక సినిమాల్లో కథ ఇరుకున పడ్డప్పుడల్లా ఆకాశవాణి పలికేది. మనిషి కనపడడు, నోరు కనపడదు, మాట మాత్రం వినపడుతుంది. తెర మీద పాత్రలన్నీ తలలు పైకెత్తి చేతులు జోడించేవి. హాల్లో కూర్చున్న మనం కూడా ఆ మాట్లాడింది ఎవరని అడిగేవాళ్ళం కాదు. మాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే చాలు, దానికి మహత్తు వచ్చేస్తుంది. పూర్వం గ్రీసు దేశంలో పెదవులు కదపకుండా మాట్లాడగలిగిన వాళ్ళ పొట్టలో ఏదో శక్తి ఉందని నమ్మి జోస్యాలు చెప్పించుకునేవారు. ఇప్పుడు అదే విద్యని ఒళ్ళో బొమ్మ పెట్టుకుని పుట్టినరోజు పార్టీల్లో ప్రదర్శిస్తున్నారు. దానిపేరు వెంట్రిలాక్విజం. విద్య అదే. గొంతు ఎక్కడుందో ఇప్పుడు పిల్లలకి కూడా తెలుసు.

శబ్దం పుట్టిన చోటుని కనిపెట్టడం ఎలా మొదలయింది, ఎలా ఎదిగింది అన్నది నేను కొన్నేళ్ళుగా చదువుతున్న విషయం. నన్ను ఇందులోకి దింపింది ఆకాశవాణి కాదు, రాయపూర్ డీజే బళ్ళు.

ఇక్కడి సంగతి తెలియని వాళ్ళకి రెండు మాటలు. వినాయక నిమజ్జనాలప్పుడు రాయపూర్‌లో ఝాంకీలు తీస్తారు. శారదా చౌక్, జయస్తంభ్ చౌక్, మాలవీయ రోడ్డు, సదర్ బజార్ మీదుగా రాత్రంతా సాగి, ఖారున్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్ చేరతాయి. ఇవి పెద్దవి. కాలనీల్లోంచి బయలుదేరే చిన్న ఊరేగింపులకి లెక్కలేదు. పెళ్ళి బరాత్‌లు, పార్టీల ర్యాలీలు, మిగతా మతాల జులూస్‌లు కూడా ఇదే పద్ధతి. మినీ ట్రక్కు మీద మనిషెత్తు స్పీకర్లు, వెనక జనరేటరు.

కొన్నేళ్ళ కిందట అలాంటి బళ్ళు మూడు మా వీధిలో రాత్రి 11 దాటాక వరసగా ఆగాయి. పక్కింట్లో గుండె ఆపరేషన్ అయివచ్చిన పెద్దాయన ఉన్నారు. నేనూ, మరో ఇద్దరు మిత్రులూ ఠాణాకి ఫోన్ చేశాం. హవల్దారు ఒకతను వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, చేతిలో సౌండ్ మీటరు కూడా ఉంది. అది 98 డెసిబెల్స్ చూపించింది. మొదటి బండివాడు "మాది తగ్గించే పెట్టాం, మోత వెనక బండిది" అన్నాడు. వెనకవాడు ముందు బండిని చూపించాడు. మధ్యవాడు తనది జనరేటర్ చప్పుడు మాత్రమే అన్నాడు. హవల్దారు నావైపు తిరిగి "భాయ్‌సాబ్, కాగితం మీద ఏ బండి నంబరు రాయమంటారు?" అని అడిగాడు. మేము హేతువాద సంఘం వాళ్ళమని తెలిసిన కుర్రాడొకడు "మీకు దేవుడంటే పడదు అంకుల్, అందుకే మీకు ఎక్కువ వినపడుతుంది" అన్నాడు.

ఆ కుర్రాడి మాటని కొట్టిపారెయ్యడానికి లేదు. మనిషి వినదలుచుకున్న చోటే వింటాడు. సినిమా హాల్లో స్పీకరు తెర వెనకో గోడ పక్కనో ఉన్నా, మాట హీరో పెదాల మీంచే వచ్చినట్టుంటుంది. కన్ను చెప్పినట్టు చెవి వింటుంది. చెవి స్వతహాగా గొప్ప పరికరమే. రెండు చెవుల మధ్య దూరం 20 సెంటీమీటర్లకి అటూ ఇటూ. పక్క నుంచి వచ్చిన శబ్దం ఒక చెవికంటే రెండో చెవికి సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ తేడాతో చేరుతుంది, ఆ తేడాని మెదడు పట్టుకుంటుంది. తక్కువ స్థాయి శబ్దాలకి ఈ కాలం తేడా, కీచు శబ్దాలకి తల అడ్డురావడం వల్ల కలిగే బలం తేడా పనికొస్తాయని లార్డ్ రేలీ 1907లో వివరించాడు. కానీ ఆ రెండు చెవులకీ ఒకే యజమాని ఉన్నాడు. ఆయనకి ఇష్టాయిష్టాలు, భయాలు ఉన్నాయి.

కదిలే బండి శబ్దాన్ని జాగ్రత్తగా పరీక్షించిన మొదటి ప్రయోగం గురించి చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. 1842లో ప్రాగ్‌లో క్రిస్టియన్ డాప్లర్ ఒక సిద్ధాంతం ప్రకటించాడు. తరంగాలు పుట్టించే వస్తువు మనవైపు వస్తుంటే వాటి స్థాయి పెరిగినట్టు, దూరమవుతుంటే తగ్గినట్టు తోస్తుందన్నాడు. నక్షత్రాల రంగులకి కారణం ఇదేనని కూడా అన్నాడు. హాలెండులో బైస్ బాలట్ అనే కుర్ర శాస్త్రజ్ఞుడికి రంగుల కథ నమ్మబుద్ధి కాలేదు. 1845లో ఉట్రెక్ట్ దగ్గర రైలు పట్టాల మీద పరీక్ష పెట్టాడు. బండి మీద ఊదేవాళ్ళు, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులు. ఫిబ్రవరిలో వాతావరణం చెడగొట్టింది, జూన్‌లో మళ్ళీ చేశాడు. ఫలితం డాప్లర్ చెప్పినట్టే వచ్చింది. శబ్దం విషయంలో డాప్లర్ సరైనవాడని బైస్ బాలట్ ఒప్పుకున్నాడు, నక్షత్రాల రంగుల విషయంలో మాత్రం తప్పేనన్నాడు. రెండు తీర్పులూ ఈనాటికీ నిలిచాయి. సిద్ధాంతం మొత్తాన్ని నెత్తిన పెట్టుకోలేదు, మొత్తాన్ని పారేయనూ లేదు.

మన సంగీతం తెలిసిన వాళ్ళకి ఇంకోలా చెప్తాను. గంటకి 72 కిలోమీటర్ల వేగంతో పోయే గూడ్సు బండి హారన్ మోగిస్తూ మిమ్మల్ని దాటితే, ఆ స్వరం చతుశ్రుతి రిషభం నుంచి షడ్జమానికి దిగినంత జారుతుంది. రాయపూర్ స్టేషన్లో ఎవరైనా వినొచ్చు.

ఇక మైకుల సంగతి. అది యుద్ధంలో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రువు ఫిరంగులు గుట్టల వెనక దాక్కుని పేలేవి, కంటికి కనపడవు. వాటి చోటు చప్పుడుని బట్టి పట్టాలి. ఫ్రెంచివాళ్ళు ముందు మొదలుపెట్టారు. బ్రిటిష్ సైన్యంలో ఆ పని లారెన్స్ బ్రాగ్‌కి అప్పగించారు. 1915లో తండ్రితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు, అప్పటికి 25 ఏళ్ళు. అదే ఏడాది తమ్ముడు గల్లిపోలీ యుద్ధంలో చనిపోయాడు. బ్రాగ్ దగ్గరున్న పద్ధతి ఇది. ముందు వరసకి వెనగ్గా, చోట్లు కొలిచి పెట్టిన ఆరు మైక్రోఫోన్లు. వాటి వైర్లన్నీ ఒకే చోటికి వస్తాయి, కదిలే ఫిల్మ్ మీద ఆరు గీతలు పడతాయి. ఫిరంగి పేలగానే ఒక్కో గీత ఒక్కో క్షణాన అదురుతుంది. ఆ తేడాలని ధ్వని వేగంతో లెక్కగడితే మ్యాప్ మీద ఫిరంగి చోటు తేలుతుంది.

చెప్పినంత తేలిగ్గా జరగలేదు. గుండు ధ్వని కంటే వేగంగా వస్తుంది కాబట్టి ముందు ఒక పదునైన చిటపట వచ్చి మైకుని అదరగొట్టేది. అసలు ఫిరంగి నోటి శబ్దం చాలా లోతుగా ఉంటుంది, చెవికి సరిగా ఆనదు, అప్పటి కార్బన్ మైకులు దాన్ని పట్టలేకపోయాయి. బ్రాగ్ ఒకరోజు మరుగుదొడ్డిలో కూర్చున్నప్పుడు ఫిరంగి పేలిన కాసేపటికి కింది నుంచి గాలి తన్నినట్టయింది. చెవికి దాదాపు ఏమీ వినపడలేదు. అంటే శక్తి ఉంది, పట్టే పరికరమే లేదు. అతని దగ్గర కార్పొరల్‌గా ఉన్న టక్కర్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు పడుకునే చోట గోడకి ఒక చిల్లు ఉండేది. ఫిరంగి పేలినప్పుడల్లా అందులోంచి చల్లగాలి అతని మొహానికి తగిలేది. దాన్ని పట్టుకుని టక్కర్ 1916లో కొత్త మైకు చేశాడు. ఒక పెట్టెకి చిల్లు, చిల్లులో కరెంటుతో వేడెక్కిన సన్నటి తీగ. ఫిరంగి ఊపుకి గాలి తోసుకొస్తే తీగ చల్లబడి దాని నిరోధం మారుతుంది. చిటపటకి అది చలించదు. 1917 నవంబరులో కాంబ్రే యుద్ధం నాటికి, ముందుగా గురి చూసుకునే కాల్పులు లేకుండానే బ్రిటిష్ ఫిరంగులు ఒక్కసారిగా పేలగలిగాయి. శత్రువు ఫిరంగుల చోట్లు అప్పటికే కాగితం మీద ఉన్నాయి.

మనుషుల్ని చంపడానికి వాడిన విద్య కదా అంటారేమో. అవును. ఆ మాట దాచి సైన్సుని పొగడడం నాకు చేతకాదు.

ఫిరంగి కదలదు, అది ఒక్క దెబ్బ. బండి కదులుతుంది, దాని మోత ఆగకుండా ఉంటుంది, పైగా చక్రం, ఇంజను, టైరు, గాలి, ఒక్కో చోట ఒక్కో శబ్దం. దీనికి ఇంకో ఎత్తు కావాలి. 1976లో బిల్లింగ్స్‌లీ, కిన్స్ అనే ఇద్దరు కాంకార్డ్ విమానానికి వాడిన ఒలింపస్ ఇంజను మీద ఒక పద్ధతి ప్రయోగించి, దానికి అకౌస్టిక్ టెలిస్కోప్ అని పేరుపెట్టారు. వరసగా మైకులు పెడతారు. ఇంజనులో ఒక చోటుని ఊహించుకుంటారు. శబ్దం అక్కడినుంచే వస్తే ఒక్కో మైకుకి ఎంత ఆలస్యంగా చేరాలో లెక్కవేసి, ఆ ఆలస్యాలు సరిచేసి, రికార్డులన్నీ కలిపేస్తారు. ఊహ సరయితే అన్నీ కలిసి పెద్దవవుతాయి. తప్పయితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మన బెస్తవాళ్ళు ఐలెసా అంటూ పడవ లాగినట్టే. అందరి లాగుడూ ఒకే క్షణాన పడితే పడవ కదులుతుంది, తలా ఒకసారి లాగితే ఇసకలోనే ఉంటుంది. ఇలా ఒక్కొక్క చోటుకీ చేసుకుంటూపోతే శబ్దానికి ఒక బొమ్మ తయారవుతుంది.

ఇందులో నాకు నచ్చిందేమిటంటే ఏ మైకూ గురువు కాదు. ఒక్కదాన్ని నమ్మితే దిక్కు తెలియదు. అవన్నీ ఒకదానితో ఒకటి సరిపోలితేనే జవాబు.

కదిలే రైలుకి వచ్చేసరికి, ఊహించిన చోటుని కూడా రైలుతోపాటు జరుపుతూ ప్రతి క్షణానికీ ఆలస్యం మళ్ళీ లెక్కవెయ్యాలి. అలా చేస్తే డాప్లర్ జారుడు కూడా సరిపోతుంది. 1970లలో బెర్లిన్‌లో కింగ్, బెకర్ట్ అనేవాళ్ళు పట్టాల పక్కన మైకుల వరస నిలబెట్టి, వేగంగా పోయే రైళ్ళని కొలిచి 1979లో ఫలితాలు ప్రచురించారు. మోతలో ప్రధాన భాగం చక్రం పట్టాని రాసుకునే చోటే పుడుతోందని ఆ కొలతల్లో తేలింది. వేగం ఇంకా పెరిగితే లెక్క మారుతుంది. వేగం రెట్టింపయితే చక్రాల మోత సుమారు 9 డెసిబెల్స్ పెరుగుతుంది, గాలి కోత మోత 18 దాకా పెరుగుతుంది. అందుకే జపాను బుల్లెట్ రైళ్ళ దగ్గర కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ పెద్ద దొంగగా తేలింది. అక్కడ ఇది సరదా పరిశోధన కాదు. నగోయాలో లైను పక్కన ఉండే జనం 1974లో కోర్టుకెక్కారు, 1986లో గానీ రాజీ కుదరలేదు. మధ్యలో 1975లో జపాను ప్రభుత్వం నివాస ప్రాంతాల్లో బుల్లెట్ రైలు శబ్దం 70 డెసిబెల్స్ దాటకూడదని ప్రమాణం పెట్టింది. ఆ గీత గీశాక ఇంజనీర్లకి మోత ఎక్కడిదో వెతకక తప్పలేదు.

రాయపూర్ రైల్వే ఊరు. ఇక్కడ వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు ఉంది. విజయనగరం లైను ఇక్కడికే వస్తుంది. ఆ లైను పట్టుకుని వచ్చి స్థిరపడ్డ మన వాళ్ళు చాలామంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రైల్వే ఫిట్టరుగా రిటైరయిన ఒకాయన మా కాలనీలో ఉన్నారు. గూడ్సు బండి యార్డులోకి మెల్లగా వస్తుంటే పట్టాలకి రెండువైపులా మనుషులు కూర్చుని చూస్తారు, వింటారు. దాన్ని రోలింగ్-ఇన్ అంటారు. బేరింగు పాడయిందంటే చక్రం చప్పుడులోనే తెలిసిపోతుందని ఆయన అంటారు. "గురువుగారూ, మీరు బాగుందని వదిలేసిన వాటిల్లో తర్వాత ఎన్ని కాలిపోయాయి?" అని అడిగాను. ఆయన నవ్వేసి "లెక్కెవుడెట్టాడు బాబూ!" అన్నారు. జ్యోతిష్కుణ్ణి ఇదే ప్రశ్న అడిగితే కొట్టడానికి వస్తాడు. ఈయన అనుభవాన్ని నేను తక్కువ చెయ్యడంలేదు. తగిలినవి గుర్తుంటాయి, తప్పినవి గుర్తుండవు, అది మనిషి లక్షణం.

బేరింగు పాడయితే ఇరుసు వేడెక్కుతుంది, ముదిరితే విరుగుతుంది, బండి పట్టాలు తప్పుతుంది. వేడిని పట్టే పరికరాలు చివరి దశలో గానీ కనిపెట్టలేవు. 1990లలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఇంజనీర్లు పట్టాల పక్కన మైకుల వరసలు పెట్టి, దాటిపోయే ఒక్కో చక్రం చప్పుడునీ విడిగా పట్టే యంత్రం తయారుచెయ్యడం మొదలుపెట్టారు. బేరింగు బయటి రింగులో చిన్న గంటు ఉంటే, దాని మీదుగా రోలరు పోయినప్పుడల్లా టక్కుమంటుంది. చక్రం వేగం తెలిస్తే ఆ టక్కులు సెకనుకి ఎన్ని రావాలో లెక్కకి వస్తుంది. కంప్యూటరు ఆ లయ కోసమే వింటుంది. ఇరుసు వేడెక్కడానికి చాలాముందే, వ్యాగన్ నంబరుతో, చక్రం నంబరుతో సహా చెప్తుంది. మన రైల్వేలు కూడా ఓఎమ్ఆర్ఎస్ అనే పేరుతో ఇలాంటివి పెట్టాయి. ఇది తప్పినవాటిని కూడా లెక్కబెడుతుంది, ఎందుకంటే ప్రతి చక్రం రికార్డూ ఉంటుంది. అన్నట్టు బ్రాగ్ పుట్టిన ఊరు కూడా అడిలైడే. జాతకాల వాళ్ళు దీన్ని వాడుకోవద్దని మనవి.

సరే, డీజే బళ్ళు. చట్టాలకి కొదవ లేదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకరు పనికిరాదు. పండగలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రాలకి ఉంది. అదే 2000లో ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు, మైకులు పెట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని తేల్చింది. 2005 జులైలో ఇంకా వివరమైన తీర్పు ఇచ్చింది. 2016 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు వాహనాలకి సౌండ్ బాక్సులు కట్టి తిప్పితే జప్తు చెయ్యమంది. ఇన్ని ఉన్నా కాగితం మీద బండి నంబరు పడాలి, అది కోర్టులో నిలబడాలి.

ఒక్క మీటరు ఎంత మోతో చెప్తుంది, ఎవరిదో చెప్పదు. 2020లో ముంబయి పోలీసులు ఒక తమాషా ప్రచారం చేశారు. సిగ్నల్ దగ్గర హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్రదీపం గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. జనం మెచ్చుకున్నారు, నాకు నచ్చలేదు. హారన్ కొట్టనివాడికి కూడా అదే శిక్ష. ఫ్రాన్సులో బ్రూయిపారిఫ్ అనే సంస్థ నాలుగు మైకులూ కెమెరాలూ కలిపి మెడూజా అనే పరికరం చేసింది. శబ్దం వచ్చిన దిక్కుని ఫోటో మీద చుక్కగా చూపిస్తుంది. 2022 జనవరిలో పారిస్‌కి దగ్గరలోని ఒక పల్లెలో మోటారు సైకిళ్ళ మోత మీద ఆ రకం రాడార్ల పరీక్ష మొదలయింది.

దాన్ని తెచ్చి మా వీధిలో పెడితే సరిపోతుందా? సరిపోదు. కారణం దురభిమానం కాదు, లెక్క. మైకుల వరస ఎంత సన్నగా చూడగలదన్నది శబ్దతరంగం పొడవు మీదా, వరస పొడవు మీదా ఆధారపడి ఉంటుంది. 2000 హెర్ట్‌జ్ కీచు శబ్దం తరంగం 17 సెంటీమీటర్లు. ఒక మీటరు వరసతో 20 మీటర్ల దూరంలో మూడున్నర మీటర్ల తేడాని విడదీయగలం, అంటే బండికీ బండికీ తేడా తెలుస్తుంది. కానీ కిటికీ అద్దాలు అదరగొట్టేది 60 హెర్ట్‌జ్ బాస్. దాని తరంగం దాదాపు 6 మీటర్లు. అదే వరసకి అదే దూరంలో 120 మీటర్ల లోపల ఏదీ విడిగా కనపడదు. వీధంతా ఒకే మచ్చ. మన చెవికి కూడా బాస్ అన్ని దిక్కుల నుంచీ వచ్చినట్టుండేది ఇందుకే.

వరసని పెద్దది చెయ్యాలి. మైకులని 30 మీటర్ల దూరంలో పెడితే బాస్ విషయంలో కూడా తేడా 4 మీటర్లకి దిగుతుంది. పైగా బాస్ అంటే దెబ్బ మీద దెబ్బ, ఒకరకంగా ఫిరంగే. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను. 30 మీటర్లు దాటడానికి శబ్దానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. కాబట్టి ఏ మైకులో ఏ దెబ్బో తికమక రాదు. బ్రాగ్ లెక్క ఉన్నదున్నట్టు పనికొస్తుంది. ఎండాకాలం 45 డిగ్రీల వేడిలో శబ్దవేగం సెకనుకి 358 మీటర్లు, వినాయక చవితి రోజుల్లో 350, అది చూసుకోవాలి. ఇళ్ళ గోడల ప్రతిధ్వని ఇంకో తలనొప్పి. ప్రతిధ్వనులున్న గదిలో కూడా రెండు మైకుల మధ్య ఆలస్యాన్ని పట్టే పద్ధతి మీద మన బయ్యా యజ్ఞనారాయణ గారు, ఆయన సహచరులు 2005లో మంచి పేపరు రాశారు. అది మాటలకి సంబంధించింది, డోలు దెబ్బకి ఎంత పనిచేస్తుందో చేసి చూడాలి.

ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్ళు సాయం చేస్తున్నారు. మా వరసలో మూడు డాబాల మీద మూడు మైకులకి చోట్లు చూసి, టేపుతో దూరాలు కొలిచాం. మూడు సెల్‌ఫోన్లలో రికార్డు చేసి తర్వాత కలుపుదామని ముందు అనుకున్నాం. కానీ ఫోన్ల గడియారాల్లో సెకనులో నూరో వంతు తేడా వస్తే చోటులో మూడున్నర మీటర్ల తప్పు, అంటే బండి మారిపోతుంది. కాబట్టి మూడింటినీ ఒకే రికార్డరుకి వైరుతో కలపాలి. 60 మీటర్ల కేబుల్, మధ్య డాబా మీదుగా పోవాలి. ఆ ఇంటాయన వినాయక కమిటీలో ఉన్నారు. వాళ్ళ కమిటీ బండే అసలు మోతదని తేలితే ఏంచేస్తామని అడిగారు. అదే రాస్తామన్నాను, వాళ్ళది కాదని తేలితే అది కూడా అంతే స్పష్టంగా రాస్తామన్నాను. ఇంట్లో మాట్లాడి ఆదివారం చెప్తానన్నారు.